చూలాలికి మాటసాయం

సాటి మానవునికి ఇచ్చేవాటిలో మిక్కిలి సులువుగా ఇచ్చేది సలహా. ధనం ఇచ్చేవాడు ముందుగా తన మూట తడిమి చూసుకుంటాడు. అన్నం పెట్టే ఇల్లాలు వంటయింటి వంక ఒకసారి చూస్తుంది. సలహా ఇచ్చేవారికి ఆ తడుములాట లేదు. ఇచ్చినందువలన వారి సొత్తులో తరుగేమీ రాదు. అందుచేతనే లోకంలో సలహాలకు ఏనాడూ కరవు రాలేదు. అందులోనూ ఆ సలహా గర్భిణికి చెప్పేదైతే ఇక అనవలసినది లేదు. నెల తప్పిన సంగతి నలుగురికీ తెలిసిన దినం నుండి అత్తవారు, పుట్టింటివారు, ఇరుగుపొరుగు, పూలమ్మే ఆమె, బస్సులో ప్రక్కన కూర్చున్న ఆమె, ప్రతి ఒక్కరూ ఒక మాట చెప్పి కాని విడిచిపెట్టరు. ఇది తినవచ్చు, అది ముట్టరాదు. ఇటు ఒత్తిగిల్లి పండుకోవలె, అటు తిరగరాదు.

ఈ మాటల వెనుక ఉన్నది ప్రేమయే, సందేహం లేదు. అయితే ప్రేమతో చెప్పిన మాట వలన కీడు కలిగినప్పుడు ఆ కీడు ఎవరి ఖాతాలో పడుతుంది? చెప్పినవారిదా, నమ్మి విన్నవారిదా? భయపెట్టే నిజమూ ఊరడించే అబద్ధమూ ఎదురెదురుగా నిలిచినప్పుడు చూలాలి చెవిని ఏది వేయవలె? ఈ ప్రశ్నలకు పండిత సభ అవసరం లేదు. ఊరూరా, వీధి అరుగు మీద ప్రతిదినమూ ఇవి తలెత్తుతూనే ఉంటాయి. జవాబు తప్పితే నష్టపోయేది ఒక ప్రాణం కాదు, రెండు ప్రాణాలు.

తిరువళ్ళూరు జిల్లాలోని తామరైపాక్కం ఊరినే తీసుకొని చూడవచ్చు. కొసస్తలై ఏటి ఒడ్డున ఉన్న ఊరది. 1944లో కట్టిన పూండి జలాశయం నుండి దిగివచ్చే ఆ ఏటికి తామరైపాక్కం వద్ద ఒక ఆనకట్ట ఉన్నది. అక్కడ మళ్ళించిన నీరు చోళవరం చెరువుకు చేరి, అటుపై పుళల్ చెరువుకు పోయి, చెన్నపట్నం దాహం తీరుస్తున్నది. ఈ సీమలో తమిళమూ తెలుగూ ఒకే వీధిలో వినిపిస్తాయి. పొరుగున ఉన్న తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలోనికి మారినది. 1997లో తిరువళ్ళూరు ప్రత్యేక జిల్లా అయినది. హద్దురాళ్ళు ఎన్నిసార్లు మారినా వేవిళ్ళలో పుల్లమామిడి మీదికి పోయే మనసు మాత్రం మారలేదు. తమిళులు వళైకాప్పు అన్నా, తెలుగువారు సీమంతమన్నా, నిండు చేతులకు గాజులు తొడిగి, చలిమిడీ పండ్లూ ఒడిలో పెట్టి దీవించే వేడుక ఒక్కటే. ఇప్పుడు తమిళనాట ప్రభుత్వంవారు సాముదాయిక వళైకాప్పు కూడా జరుపుతున్నారు. అక్కడ కులం, భాష అడగకుండా గర్భిణులందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టి గాజులు తొడుగుతారు.

అట్టి వరుసలో కూర్చున్నవారు ఊరుకుంటారా? ఒకరి నెలలు ఒకరు అడుగుతారు. ఒకరి మాట ఒకరు అందుకుంటారు. పొత్తిళ్ళకు కొత్తబట్టకన్న ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలుచీర మెత్తగా ఉంటుందని ఒకరంటారు. ఆసుపత్రికి పోయేనాడు వెదుక్కోకుండా బట్టలూ చీటీలూ ఒక సంచీలో సర్ది ఉంచుకోవలెనని మరొకరంటారు. పెద్దబిడ్డను ఆ రెండు మూడు దినాలు ఎవరి వద్ద విడవాలో ముందే మాట్లాడుకొమ్మని ఇంకొకరు చెబుతారు. నెత్తురు అవసరమైతే ఇచ్చేవారెవరో ఎంచి ఉంచుకొమ్మని తెలిసినవారు చెబుతారు. ఇవన్నీ బంగారం వంటి మాటలు. వైద్యగ్రంథంలో వెదికితే దొరకవు, కాని వీటిలో ఒక్కటి లోపించినా ఆ రాత్రి ఇల్లు తలక్రిందులవుతుంది.

కానుపులన్నీ ఆసుపత్రులలోనే జరుగుతున్న ఈ కాలంలో ఆడవారి మాటలకు విలువేమున్నదని కొందరు తలపవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాట నూటికి 99.6 కానుపులు ఆసుపత్రులలోనే జరిగినవి. అది చాలా గొప్ప సంగతి. కాని లెక్క మరొక వైపు నుండి కూడా చూడవలె. కానుపులోగా కనీసం 8 పర్యాయాలు గర్భిణి వైద్యసిబ్బందిని కలుసుకోవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పినది. ఎనిమిది పర్యాయాలూ కలిపితే అది ఎన్ని గంటలు? తొమ్మిది నెలలలో మిగిలిన కాలమంతా ఆమె గడిపేది ఇంటిలో, పొలంగట్టు మీద, కొళాయి వద్ద, ఈ మాటల నడుమనే. మందుచీటీ ఆసుపత్రిలో వ్రాస్తారు. ఆ మాత్ర మింగవలెనా, కిటికీ అవతల పారవేయవలెనా అన్నది ఇంటి మాటలే తేలుస్తాయి.

ఆ మాటలకు ఎంత బలమున్నదో పరీక్షించి చూసినవారు ఉన్నారు. నేపాల్ దేశంలోని మక్వాన్‌పూర్ జిల్లాలో పల్లె స్త్రీలను గుంపులుగా కూర్చోబెట్టి, నెలకొకసారి గర్భం గూర్చీ కానుపు గూర్చీ వారిలో వారినే మాట్లాడుకోనిచ్చినారు. నడిపించేది అదే ప్రాంతపు స్త్రీ. ఆ పరీక్ష ఫలితం 2004లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడినది. గుంపులు నడిచిన పల్లెలలో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో నెలలోపల పోయినవారు 26.2. గుంపులు లేని పల్లెలలో ఆ సంఖ్య 36.9. అటు తరువాత జార్ఖండ్, ఒడిశాలలో ఏకజుట్ సంస్థ ఇదే విధంగా నడిపిన గుంపుల ఫలితం 2010లో అదే పత్రికలో వచ్చినది. అక్కడ మూడేండ్ల మీద శిశుమరణాలు ఇంచుమించు మూడోవంతు తగ్గినవి. బంగ్లాదేశ్‌లో ఇట్టి ప్రయత్నమే చేస్తే ఆనాడు చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు. అక్కడ జనసంఖ్యకు తగినన్ని గుంపులు లేకపోయినవి.

ఈ లెక్కలలో ఒక నీతి ఉన్నది. ఆ గుంపులలో ఎవరూ పీటవేసుకొని ఉపదేశాలు చేయలేదు. కథ చెప్పుకున్నారు. మా ఇంట ఇట్లు జరిగినదన్నారు. ఎందుకు జరిగినదని అడుగుకొన్నారు. మరల జరగకుండా ఏమి చేయగలమని ఆలోచించి, దానికి కావలసిన ఏర్పాటు కలిసి చేసుకున్నారు. అడగడం ముందు, చెప్పడం వెనుక. చెప్పిన తరువాత చేయడం కూడా ఉన్నది. సలహా సఫలమయ్యే మార్గం అదే.

ఆ వరుస తలక్రిందైనచోట ప్రేమయే కీడు చేస్తుంది. తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉండి కానుపు సుళువవుతుందనే మాట తెలుగుసీమలోనూ తమిళసీమలోనూ తరతరాలుగా వినిపించినదే. బిడ్డ అడ్డం తిరిగి తల్లులు కండ్లెదుటనే పోవడం చూసిన కాలంలో, కోతచేసి ప్రాణం నిలిపే వైద్యం అందని కాలంలో, పుట్టిన మాట అది. దానిలో దయ ఉన్నది. కాని రెండున్నర కిలోలకన్న తక్కువ తూకంతో పుట్టిన శిశువుకు ముప్పు ఎక్కువన్న జ్ఞానం దానిలో లేదు. కానుపైన తొలి దినాలలో పచ్చగా చిక్కగా వచ్చే ముర్రుపాలను చెడిపాలని పిండి పారబోయించడమూ ఇట్టిదే. ఆ పాలు శిశువును వ్యాధుల నుండి కాచే తొలి రక్ష. అయినా 2019-21 సర్వేలో దేశం మొత్తం మీద పుట్టిన గంటలోపల తల్లిపాలు నోచుకొన్న బిడ్డలు నూటికి 41.8 మాత్రమే. ఆ పాలకు బదులు కొందరు చక్కెరనీళ్ళు పోస్తారు, కొందరు తేనె నాకిస్తారు. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదమని వైద్యులంటారు. జైన గృహాలలో తేనె ఎటూ నిషిద్ధమే. ఈ విషయంలో ఆచారమూ వైద్యమూ ఒక చోట కలిసినవి.

ఇనుపమాత్రల గూర్చి వినవచ్చే మాట మరింత విచారకరం. వాటిని మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని ఒకరు, లావై కానుపు కష్టమవుతుందని మరొకరు. బిడ్డ మేనిచాయ తల్లిదండ్రుల వంశం నుండి వచ్చేది. మాత్ర నలుపు చేయదు, కుంకుమపువ్వు తెలుపు చేయదు. ఈ దేశపు గర్భిణులలో నూటికి 52.2 మంది నెత్తురు తక్కువై ఉన్నారని అదే సర్వే చెప్పినది. అందుకే నాలుగవ నెల నుండి కనీసం 180 దినాలు ఆ మాత్రలు ఇస్తున్నారు. దానిలో ఇనుముతోపాటు ఉండే ఫోలిక్ ఆమ్లానికి ఒక చరిత్ర ఉన్నది. 1931 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో మిల్లు పనివారైన పేద గర్భిణులకు వచ్చే పాండురోగాన్ని పరిశీలించినది. వారు ఏమి తింటున్నారో అడిగి తెలుసుకున్నది. ఈస్టు సారం పెడితే వారు కోలుకోవడం కనిపెట్టినది. ఆ సారంలో దాగి ఉన్న పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దానిని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో 1895లో పుట్టి మద్రాసు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు. గర్భం ధరించడానికి ముందు నుండే ఆ ఆమ్లం తీసుకుంటే శిశువు వెన్నుకు, మెదడుకు కలిగే కొన్ని ఘోర లోపాలు చాలవరకు తప్పుతాయని 1991లో ఫలితం వెలువడిన బ్రిటన్‌వారి పరీక్ష రుజువుచేసినది. బొంబాయి మిల్లు స్త్రీని అడిగిన ప్రశ్న ఎంత దూరం పోయినదో గమనించవలె. పెరటి గోడ మీదుగా చెప్పిన ఒక్క మాటకు భయపడి ఆ మాత్రను పారవేసే చెయ్యి ఇంతటి శ్రమను నేలపాలు చేస్తున్నది.

అయితే అనుభవానికి ప్రామాణ్యం లేదా? ఉన్నది. కాని దాని హద్దు దానికున్నది. ముగ్గురు బిడ్డలను కన్న తల్లికి తెలిసినవి ఆ మూడు కానుపులు. నాలుగవది ఎదుట కూర్చున్న చిన్నదానిది. ఆ దేహం వేరు, దాని నెత్తురు వేరు, దాని ఇంటి కష్టం వేరు. తన కండ్లతో చూసినది నిజమే, కాని అది ఒక దృష్టి నుండి చూసిన నిజం. అనేకాంత దృష్టి గూర్చి తత్త్వచర్చలలో ఎంతో వింటారు. ఆ దృష్టి మిక్కిలి అవసరమైన స్థలం ఈ అరుగే. ‘నాకు ఇట్లు జరిగినది’ అన్న మాటలో దోషం లేదు. ‘కనుక నీకూ ఇట్లే జరుగుతుంది’ అని దానికి తోక తగిలించినప్పుడు దోషం వస్తుంది. బొప్పాయి తిన్న మరునాడు ఒకామెకు గర్భం పోయినదంటే, పండు వలననే పోయినదని తేలలేదు. ముందు జరిగినదల్లా కారణం కాదు. పచ్చికాయ పాల విషయంలో జాగ్రత్త మంచిదే. ఆ జాగ్రత్తను ఆ దుఃఖానికి ముడివేసి, పాపం ఆ తల్లిదేనని తేల్చడం మాత్రం క్రూరం.

దయ ఉంటే చాలునా, తెలివిడి కూడా కావలెనా అన్న ఈ విచారానికి శ్వేతాంబర సంప్రదాయంలో పర్యూషణ దినాలలో చదివే కల్పసూత్రంలో ఒక వృత్తాంతం ఉన్నది. త్రిశలాదేవి గర్భంలో ఉన్న మహావీరుడు తన కదలిక వలన తల్లికి బాధ కలుగుతుందేమోనని కరుణించి, ఏమాత్రం మెదలక నిశ్చలంగా ఉండిపోయినాడు. తల్లికి ఆ కరుణ తెలియదు. తెలిసినదల్లా బిడ్డ కదలడం లేదన్నదే. తన గర్భం హరించిపోయినదేమో, శిశువు గతించినదేమో అని ఆమె తల్లడిల్లినది. రాజభవనంలో వాద్యాలు ఆగినవి. తల్లి శోకం గ్రహించిన శిశువు కొంచెంగా కదిలినాడు. ఆమె మొగం వికసించినది. ఇంకా పుట్టక మునుపే తనపై తల్లికి ఇంత మమకారమున్నదని తెలుసుకొని, తల్లిదండ్రులు జీవించి ఉన్నంతకాలం సన్యసించనని ఆయన అప్పుడే నియమం పట్టినాడని ఆ గ్రంథం చెబుతున్నది.

ఇందులోని సూక్ష్మం ఆలోచింపదగినది. గర్భస్థుడైననాటికే మూడు జ్ఞానాలు కలవాడని చెప్పే మహాత్ముని కరుణ సైతం తల్లి మనసును ఎరుగక చేసినప్పుడు శోకహేతువైనది. ఆమె ఏమనుకొంటున్నదో తెలిసిన తరువాత చేసిన కించిత్ కదలిక ఆనందహేతువైనది. కరుణ ముందూ వెనుకా ఒక్కటే. నడుమ వచ్చినది ఎదుటివారి స్థితి తెలియడం. అంతటివాని విషయంలోనే ఇట్లుంటే, ఒకటి రెండు కానుపులు చూసి అన్నీ తెలుసుననుకొనే సామాన్యుల మాట ఏపాటి? కల్పసూత్ర వ్యాఖ్యానంలో త్రిశలాదేవికి చెలులు చెప్పిన హితవులు కూడా కనిపిస్తాయి. మెల్లగా నడవమని, మెల్లగా మాట్లాడమని, కోపం విడువమని, పథ్యమైన ఆహారం తినమని వారు చెప్పినారు. ఆ మాటలలో ఒక్కటైనా భయం పుట్టించేది లేదు.

జైనధర్మంలో చెప్పే దానాలలో ఆహారం, ఔషధం, జ్ఞానం, అభయం అని నాలుగున్నవి. సలహా చెప్పేవారు తాము జ్ఞానదానం చేస్తున్నామనుకుంటారు. గర్భిణి విషయంలో ఆ జ్ఞానం అభయాన్ని వెంటబెట్టుకొని రావలె. అరుగు మీద తరచుగా జరిగేది దీనికి విరుద్ధం. తొలిచూలు స్త్రీ కనబడగానే తమ పురిటినొప్పుల కథను మూడింతలు చేసి చెప్పేవారున్నారు. కడుపు ఆకారం చూసి ఆడబిడ్డ అని జోస్యం చెప్పి, ఆమె నిద్ర పోగొట్టేవారున్నారు. యంత్రంలో చూసి ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. అరుగు మీది జోస్యానికి చట్టం లేదు, కాని దాని వలన ఒక ఆడబిడ్డ పుట్టకముందే అవమానం పొందుతున్నది. కోతకానుపు అయినవారిని చూసి, తాము నొప్పులుపడి కన్నామని గర్వించేవారు మరికొందరు. 2019-21 సర్వేలో తమిళనాట నూటికి 44.9 కానుపులు, తెలంగాణలో 60.7 కానుపులు కోతతో జరిగినట్లు తేలినది. ముహూర్తం చూసి కోత కోరేవారూ ఉన్నారు. అక్కరలేని కోత తగ్గవలసినదే. అక్కరపడిన చోట అదే తల్లీబిడ్డల ప్రాణం నిలుపుతున్నది. దానిలో సిగ్గుకు తావెక్కడ?

భయపెట్టరాదన్నారు కనుక అన్నిటికీ ‘ఏమీ కాదులే’ అనవచ్చునా? చిక్కంతా ఇక్కడ ఉన్నది. నెలలు నిండుతున్న ఒక స్త్రీ సాయంకాలం పొరుగింటికి వచ్చి, ‘అక్కా, ప్రొద్దుట నుండి బిడ్డ సరిగా కదలలేదే’ అన్నదనుకొనవలె. ‘నెలలు నిండినాయి కదమ్మా, చోటు చాలక కదలదు. నిదరపోతుంటాది. చల్లనీళ్ళు తాగి పండుకో’ అని పొరుగామె అంటుంది. చెప్పిన మాటలో ఎంతో చల్లదనం ఉన్నది. కాని నెలలు నిండితే కదలిక తగ్గుతుందన్నది నిజం కాదు. కదలికల తీరు మారవచ్చునే కాని, అవి తగ్గిపోరాదు. తగ్గినట్లు తోస్తే తెల్లవారేదాక ఆగక ఆ దినమే ఆసుపత్రికి పోవలెనని వైద్యులు చెబుతారు. రక్తం కనబడినా, తలనొప్పి విడువకపోయినా, చూపు మసకబారినా, మొగమూ చేతులూ ఉబ్బినా, జ్వరం కాసినా, ఉమ్మనీరు పోయినా అంతే. త్రిశలాదేవి తల్లడిల్లడం వృథా కాదు. బిడ్డ కదలనప్పుడు తల్లి గుండె బెదరడమే సహజం. ఆ బెదురును జోకొట్టరాదు. అది పోవలసిన చోటికి దానిని తీసుకొనిపోవలె.

అయితే ఆ పొరుగామె ఏమనవలసినది? అబద్ధపు ఊరడింపు కూడదు. ‘అయ్యో, బిడ్డకేమయినదో’ అన్న కేక అంతకన్న కూడదు. ఈ రెంటికీ నడుమ మూడో మాట ఒకటున్నది. ‘లే, పోయి చూపించుకొని వద్దాం. నేనూ వస్తాను.’ ఆ మాటలో నిజమున్నది, అభయమూ ఉన్నది. సత్యానికీ అహింసకూ వచ్చిన తగవు చాలావరకు ఇట్లు తీరుతుంది. నోటితోనే తీర్చబోతే తీరనిది, కాళ్ళు కదిపితే తీరుతుంది. ఒంటరిగా మోయవలసిన నిజం భయపెడుతుంది. తోడు నడిచేవారు చెప్పిన నిజం ధైర్యమిస్తుంది.

వ్రతోపవాసాల విషయంలో కూడా ఈ విచారం అవసరం. చాతుర్మాస్యం వచ్చినదంటే జైన గృహాలలో తపస్సు మాట వినవస్తుంది. ఇంట గర్భిణి ఉంటే, ‘ఏడో నెలలో కూడా ఉపవాసం విడువలేదు’ అని ఒక పెద్దామె తన గతం చెబుతుంది. ఆమె ఆజ్ఞాపించలేదు. కాని ఆ మాట విన్న కోడలికి అది ఆజ్ఞయే. త్యాగమూ తపస్సూ శక్తి కొలది చేయవలసినవని తత్త్వార్థసూత్రం చెబుతున్నది. తన శక్తితో మరొక ప్రాణాన్ని పోషిస్తున్నవారి శక్తిని ఎవరు కొలవగలరు? ఆమె, ఆమెను పరీక్షించిన వైద్యురాలు. ప్రక్కవారికి ఆ తూకం తెలియదు. తపస్సంటే ఉపవాసమొక్కటే కాదు. వినయం, స్వాధ్యాయం, వైయావృత్త్యం, అనగా సేవ, ఇవి కూడా ఆభ్యంతర తపస్సులోనివే. గర్భిణికి నీళ్ళబిందె మోసిపెట్టిన అత్తగారు ఆ దినం తన తపస్సు చేసినట్లే.

ఈ మాటల కూటమిలో లోపం మరొకటి ఉన్నది. సీమంతానికి పిలుపులు పోయేటప్పుడు కొన్ని ఇండ్లను దాటిపోతారు. గర్భం నిలువని ఆమె, పుట్టిన బిడ్డ దక్కని ఆమె, భర్తను పోగొట్టుకొన్న ఆమె, వీరి నీడ శుభం కాదని అనుకుంటారు. ఏ సాయంకాలం బిడ్డ కదలిక ఆగినదో, ఏ మాట విని ఆ రాత్రి ఆగిపోయినారో, తెల్లవారి ఏమి జరిగినదో ఆ తల్లికి తెలిసినట్లు ఇంకెవరికి తెలుసును? ఆమె నోరు విప్పితే మరొక ప్రాణం దక్కవచ్చును. ఆమెను గడప బయట నిలిపినవారు ఆమెకు చేసినది అన్యాయం, చూలాలికి చేసినది అపకారం. నేపాల్‌లో, జార్ఖండ్‌లో ఆ గుంపులు సాధించిన ఫలితానికి ఒక కారణం, అట్టి తల్లులు తమ కథ చెప్పుకోగలిగే చోటు అక్కడ ఉండడమే. అభయం గర్భిణికి ఎంత అవసరమో దుఃఖితకూ అంత అవసరం.

ఇన్ని దోషాలున్నప్పుడు నోరు మూసుకొని అంతా వైద్యులకే విడిచిపెట్టడం మేలు కదా అని ఒక ఆక్షేపణ రావచ్చును. అది కూడా సరికాదు. పుదుక్కోటలో 1886లో పుట్టి, 1912లో మద్రాసులో వైద్యపట్టం పొందిన ముత్తులక్ష్మీ రెడ్డి పేరిట తమిళనాడు ప్రభుత్వంవారు పేద గర్భిణులకు ధనసహాయం చేస్తున్నారు. ఆ సహాయం రావలెనంటే గర్భం తెలిసిన కొద్ది దినాలలోనే గ్రామ ఆరోగ్య నర్సు వద్ద పేరు వ్రాయించుకోవలె. ఈ సంగతి ఆంధ్రదేశం నుండి కోడలుగా వచ్చి, తమిళం చదవనేర్వని ఒక చిన్నదానికి ఎవరు చెబుతారు? ప్రక్కింటి ఆమె తెలుగులో చెబితేనే తెలుస్తుంది. మౌనం కూడా ఒక్కొక్కప్పుడు హింసయే. చెప్పవలసినది చెప్పక ఊరుకొన్నవారు, చెప్పరానిది చెప్పినవారితో సమానంగా బాధ్యులు.

కనుక చెప్పే వారికి కొంత నియమం కావలె. చెప్పబోయేది తాను చూసినదా, విన్నదా, ఊహించినదా అని ముందు తనలో వేరుచేసుకోవలె. చూసినదానిని చూసినదిగానే చెప్పవలె. ఆమె అడిగినదా, అడగక మునుపే తాను మొదలుపెట్టినదా అని గమనించవలె. మందుకూ తిండికీ సంబంధించిన మాటైతే, నర్సును అడిగి చూడమని చివర చేర్చవలె. ఈ మాట చెప్పడం వలన ఆమె భారం తగ్గుతున్నదా, తన మనసులోని భారం ఆమె మీదికి పోతున్నదా అని చూసుకోవలె. ఎన్నో సలహాలు చెప్పేవారి పాత భయాలకు చేసుకొనే శాంతులు.

వినేవారికి కూడా ఒక హక్కు ఉన్నది. పది మాటలు విని, రెండు ఏరుకొని, ఎనిమిదింటిని నవ్వుతో విడిచిపెట్టే హక్కు అది. గర్భం ఆమెది, ఆకలి ఆమెది, నొప్పి ఆమెది. చెప్పినట్లు చేయలేదని అలిగే సలహా అసలు దానమే కాదు. దానం చేసినవారు తిరిగి లెక్క అడగరు.

మొదట వేసిన ప్రశ్నకు ఇక జవాబు చెప్పుకోవచ్చును. ప్రేమతో చెప్పిన మాట వలన కీడు కలిగితే, ప్రేమ ఉన్నదన్న కారణాన చెప్పినవారు తప్పించుకోజాలరు. సలహా ఉచితమని లోకం అనుకుంటున్నది. నిజానికి అది ఇచ్చినవారి మీద అప్పు. ఆ అప్పు తీరే విధానం కూడా సామాన్యమైనదే. మాత్ర మింగమన్నవారు మరునాడు మింగినదా లేదా అని ఒక్కసారి కనుక్కోవలె. నిండా తినమన్నవారు ఒక పూట తమ ఇంటి గిన్నెలో పప్పూ ఆకుకూరా పంపవలె. ఆసుపత్రికి పొమ్మన్నవారు 108కి కబురుచేసి, బండి వచ్చేదాక ప్రక్కన కూర్చోవలె, లేదా బండిలో తామూ ఎక్కవలె. అంతపని తనవలన కాదనుకొన్నప్పుడు ఆమె చెప్పేది ఓపికగా వినడమైనా చేయవచ్చును. తామరైపాక్కం వంటి ఊళ్ళలో ఈ పనులు పేరూ ఫోటో లేకుండా చేసే అక్కలూ వదినలూ అత్తలూ ఈనాటికీ ఉన్నారు. వారు ధర్మశాస్త్రాలు చదివి ఉండకపోవచ్చును. ఆసుపత్రి వరండాలో, ఇతరుల కోడలి చెప్పులు కాపలా కాస్తూ, తెల్లవార్లూ కూర్చున్న ఆ స్త్రీలకు సలహా అంటే ఏమిటో బాగా తెలుసును.